చేతులు మారే చోటే రికార్డు పోతోంది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ



"తమరు కోరిన ఫైలు ఈ కార్యాలయంలో లభ్యం కావడం లేదు." ఈ జవాబు మన రాష్ట్రంలో ఏ మండలానికి వెళ్లినా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఒక్కోసారి సమాచార హక్కు దరఖాస్తుకు బదులుగా, ఒక్కోసారి కోర్టులో వేసిన కౌంటరులో, ఎక్కువసార్లు ఆఫీసు గుమ్మం దగ్గర నోటిమాటగా వస్తుంది. ఆ జవాబు ఇచ్చినవారికి ఏమీ కాదు. ఆ ఫైలు ఎప్పటి నుంచి కనబడటం లేదు, ఆఖరిసారి ఏ సీటులో ఉంది అని పైవాళ్లెవరూ అడగరు. దాని మీద ఆధారపడ్డ మనిషికి మాత్రం పొలం అమ్మకం ఆగిపోతుంది, పెన్షను ఆగిపోతుంది, కొడుకు ఉద్యోగం ఆగిపోతుంది. పోగొట్టింది ఆఫీసు, నష్టపడేది అర్జీదారు. ఇది అన్యాయమని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇది ఎక్కడ, ఎలా జరుగుతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

తాలూకా ఆఫీసుల కాలంలో రెవెన్యూలో గుమాస్తాగా చేరి, డిప్యూటీ తహశీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. రికార్డు రూముతో పనిపడని రోజు నా సర్వీసులో తక్కువ. రికార్డులు ఎందుకు పోతున్నాయని అడిగితే అందరూ చెద, వాన, ఎలుక, నిప్పు అంటారు. అవన్నీ నిజమే. కానీ నేను చూసినంతలో చెద తిన్న రికార్డు కంటే లారీ ఎక్కినప్పుడు పోయిన రికార్డు ఎక్కువ. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి, ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు మారేటప్పుడు కాగితం పోతోంది. చెద మందు కొట్టడానికి మనకు టెండర్లున్నాయి. అప్పగింతను కాపలా కాసే పద్ధతి మాత్రం లేదు.

1984 జనవరిలో కరణం, మునసబు పదవులను ఒక ఆర్డినెన్సుతో రద్దు చేశారు. వారసత్వంగా వచ్చే ఆ కొలువులు పోవలసినవేనని నేను నమ్ముతాను. సుప్రీంకోర్టు కూడా 1985లో ఆ రద్దును సమర్థించింది. అయితే ఆ రోజుకు గ్రామ లెక్కలన్నీ కరణం గారి ఇంట్లోనే, భోషాణంలోనో అటక మీదో ఉండేవి. అడంగళ్లు, చిట్టాలు, ఎఫ్‌ఎంబీలు, ఇనాం లెక్కలు, పోరంబోకు రిజిస్టర్లు అన్నీ అక్కడే. అప్పగించమని ఉత్తర్వులు వెళ్లాయి. ఏ ఊళ్లో ఏమేం ఉన్నాయో రాసిన జాబితా మాత్రం ముందుగా ఎవరి దగ్గరా లేదు. కొందరు కరణాలు పైసా లెక్కతో సహా అప్పగించి, రసీదు అడిగి మరీ తీసుకున్నారు. కొందరు సగం ఇచ్చారు. కోపంతో ఇవ్వనివారూ ఉన్నారు. తీసుకున్నవాళ్లలో చాలామందికి ఏది అడంగలో, ఏది చిట్టాయో తెలియదు. జాబితా లేనప్పుడు, ఇవ్వని పుస్తకాన్ని ఇవ్వలేదని ఎలా పట్టుకుంటారు? ఇవాళ్టి సర్వే తగాదాల్లో ఎన్నో ఆ కొన్ని వారాల అప్పగింతలోనే పుట్టాయి.

ఆ గాయం మానకముందే 1985లో మండలాలు వచ్చాయి. ఒక్కో తాలూకా రికార్డు ముక్కలైంది. కొత్త మండలాఫీసులు అద్దె ఇళ్లలో, పంచాయతీ గదుల్లో మొదలయ్యాయి. కట్టలు పంచుకున్నారు గాని, ఏ కట్ట ఎవరికి పోయిందో రాసుకున్న ఆఫీసులు తక్కువ. తర్వాత 2014 విభజన. 2016లో సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి వచ్చింది. 2019 జనవరి 1న హైకోర్టు కూడా హైదరాబాదు నుంచి రాష్ట్రానికి వచ్చింది. అంతకుముందు కౌంటర్ల కోసమని హైదరాబాదులో ప్రభుత్వ ప్లీడరు కార్యాలయాలకు పంపిన ఒరిజినల్ ఫైళ్లలో ఎన్ని సొంత ఆఫీసులకు తిరిగి చేరాయో చెప్పగల జిల్లా ఒక్కటైనా ఉందా? ఈ ప్రశ్న నిజంగా అడుగుతున్నాను. మీరు ఒక్క లేఖ రాస్తే జిల్లాల నుంచి జవాబు వస్తుంది, ఆ జవాబు చూస్తే మీకే బెంగ పుడుతుంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మళ్లీ లారీలు, మళ్లీ గోనెసంచులు.

పొరుగున తెలంగాణలోనూ ఇదే. 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను రద్దు చేసినప్పుడు వాళ్ల దగ్గరున్న రికార్డులన్నీ అదే రోజు మధ్యాహ్నం మూడింటికల్లా స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు వెళ్లింది. 36 ఏళ్ల తర్వాత, ఇంకో రాష్ట్రంలో, మళ్లీ అదే తొందర. ఒక ఊరి పహాణీలను పేజీలు లెక్కపెట్టి, చిరిగినవి చిరిగినట్టు, దిద్దినవి దిద్దినట్టు రాసుకుని అప్పగింత తీసుకోవాలంటే ఎంత నిదానం కావాలో ఆ పని ఒక్కసారి చేసినవారికి తెలుస్తుంది.

సంస్కరణలు వద్దనడం లేదు. జిల్లాలు చిన్నవైతే జనానికి ఆఫీసు దగ్గరవుతుంది. నేను అడిగేది ఒకటే. సరిహద్దు గీసే నోటిఫికేషన్‌లో ఉద్యోగుల పంపకానికి పేజీలకు పేజీలు రాస్తారు, భవనాలకు రాస్తారు, వాహనాలకు రాస్తారు. రికార్డులు ఎలా పంచాలో, పంచినట్టు ఎవరు ధ్రువీకరించాలో కూడా అంత వివరంగా రాయాలి కదా.

నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక రైతుకు 1970లలో ఇచ్చిన డీ ఫారం పట్టా ఆయన కూతురి దగ్గర ఉంది. మడతల దగ్గర చిరిగితే ఎవరో ప్లాస్టిక్ అట్టలో బిగించి ఇచ్చారు. ఆ భూమి 22ఎ నిషేధిత జాబితాలో పడింది. తీయించుకోవాలంటే మూల ఫైలు కావాలి. మండలాఫీసువాళ్లు లేదన్నారు. పట్టా మీద ఫైలు నంబరు స్పష్టంగా ఉంది, పక్కన ఆర్.డిస్. అని ఉంది. ఆఫీసు భాషలో ఆ రెండక్షరాలకు చాలా బరువు ఉంది. బ్రిటిష్ కాలంలో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మీద వచ్చిన పద్ధతి ప్రకారం, పని ముగిసిన ప్రతి ఫైలుకూ దాని ఆయుష్షు ఆ రోజే రాసేస్తారు. ఎల్.డిస్. అయితే కొద్దికాలం, డి.డిస్. అయితే పదేళ్లు, ఆర్.డిస్. అయితే శాశ్వతం. అంటే ఆ తహశీల్దారు, ఆ గుమాస్తా తమ తర్వాత తరాలకు పనికొస్తుందని తెలిసే దానికి ఆర్.డిస్. వేశారు.

నేను అప్పటికే పదవీ విరమణ చేశాను. ఆమె దరఖాస్తు రాయించుకోవడానికి వస్తే, పాత తాలూకా కేంద్రంలో వెతికించమని రాశాం. అక్కడి రికార్డు రూము సగం బ్యాలెట్ పెట్టెలతో, ఎన్నికల సామగ్రి సంచులతో, విరిగిన కుర్చీలతో నిండి ఉంది. వాటి వెనక గోడవారన ఆ ఊరి రాక్ ఉంది. మాసి ఇటుకరంగుకు తిరిగిన ఎర్రగుడ్డలో ఫైలు భద్రంగా ఉంది. కోర్టుఫీజు స్టాంపు అంటించిన అర్జీ, కరణం గీసిన చేతిపటం, ఆర్‌ఐ రిపోర్టు, ఊళ్లో దండోరా వేసి నోటీసు ప్రకటించినట్టు తలారి వేలిముద్ర, అభ్యంతరాలు రాలేదని గ్రామస్తుల సంతకాలు, చివర ఆకుపచ్చ సిరాలో తహశీల్దారు ఉత్తర్వు. కాగితం పెళుసుబారింది గాని ఒక్క అక్షరం పోలేదు. చెద పట్టలేదు, తడవలేదు. ఆ ఫైలుకు జరిగిందల్లా, 1985లో తాలూకా చీలినప్పుడు అది పాత ఆఫీసులోనే ఉండిపోయిందని ఎవరూ ఎక్కడా రాయకపోవడం. ఒక పుస్తకంలో ఒక్క పంక్తి రాసి ఉంటే ఆమె అన్నేళ్లు తిరిగేది కాదు.

ఈ ఫైళ్లకు ఇప్పుడు ఎన్నడూ లేని అవసరం వచ్చింది. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టానికి 2023లో చేసిన సవరణ, భూమి ఇచ్చి 20 ఏళ్లు దాటితే మూల లబ్ధిదారుకు, వారసులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. 20 ఏళ్లు దాటిందని రుజువు చేసేది ఏది? ఆ పట్టా ఫైలు, ఆ రిజిస్టరే. అక్రమంగా నిషేధిత జాబితాలోంచి తప్పించిన భూమిని తిరిగి పట్టుకోవడానికి ప్రభుత్వానికి ఆధారమూ అదే. పేదవాడి హక్కు, ప్రభుత్వ భూమి రెండూ ఒకే కాగితం మీద నిలబడ్డాయి. అందుకే అలాంటి కాగితాల మీద కన్నేసేవారు ఎప్పుడూ ఉంటారు.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. డీజీపీ స్వయంగా వెళ్లారు, దర్యాప్తు సీఐడీ దాకా వెళ్లింది. మంట ఎలా వచ్చిందో తేల్చడం వాళ్ల పని. పరిపాలనకు అధిపతిగా మీరు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. కాలినవాటిలో ప్రతి ఫైలుకూ రెండో ప్రతి ఇంకో ఊళ్లో ఉందా? కనీసం ఆ గదిలో ఏమేం ఉండేవో చెప్పే జాబితా ఆ గదికి బయట ఉందా? జాబితా కూడా అదే బీరువాలో ఉంటే, ఏం పోయిందో కూడా తెలియకుండా పోతుంది. 2012 జూన్ 21న ముంబయి మంత్రాలయంలో, 2023 జూన్ 12న భోపాల్ సాత్పురా భవన్‌లో ఇలాగే అంతస్తులకు అంతస్తుల ఫైళ్లు కాలాయి. ప్రతిసారీ అగ్నిమాపక పరికరాల మీద సర్క్యులర్లు వస్తాయి. జాబితా మీద, రెండో ప్రతి మీద సర్క్యులర్ వచ్చినట్టు నేను వినలేదు.

జిల్లాల విభజన లాంటి పెద్ద మార్పులు ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఉద్యోగి బదిలీ రోజూ జరిగే అప్పగింత, నష్టం ఎక్కువగా అక్కడే. ఇవాళ చార్జి అప్పగింత అంటే సీటీసీ (చార్జి బదిలీ పత్రం) మీద రెండు సంతకాలు. బీరువా తాళాలు, క్యాష్ బుక్ నిల్వ, వాహనం ఉంటే వాహనం. పర్సనల్ రిజిస్టరులో తేలనివి ఎన్ని, కాల్ బుక్‌లో పడుకున్నవి ఎన్ని, రికార్డు రూము నుంచి తెప్పించుకుని తిరిగి పంపని పాత ఫైళ్లు ఏవి అన్నది అందులో కనబడదు. కొత్తగా వచ్చినవారు ఏమీ చూడకుండానే సంతకం చేస్తారు, చేయకపోతే జాయినింగు తేదీ వెనకబడుతుంది. ఆరు నెలల తర్వాత ఫైలు అడిగితే, "మా ముందు ఉన్నవారి హయాంలోది" అంటారు. ముందున్నవారు వేరే జిల్లాలో ఉంటారు, లేదా రిటైరై ఉంటారు.

మా పాత రికార్డు రూముల్లో ఒక కట్టుబాటు ఉండేది. కట్టలోంచి ఫైలు తీస్తే దాని చోట రిక్విజిషన్ స్లిప్ పెట్టాలి. ఎవరు తీసుకున్నారు, ఏ సీటు, ఏ తేదీ, ఎందుకు అని రాసిన నాలుగు వేళ్ల వెడల్పు చీటీ. ఫైలు తిరిగి వచ్చేదాకా ఆ చీటీ కట్టలోనే ఉంటుంది. పేపరు చేతికందిన వెంటనే చీటీ రాయకపోతే, పేష్కారే అడిగినా సరే, రికార్డు కీపర్ కదిలేవాడు కాదు. అలాంటి ఒకాయన నాకు బాగా గుర్తు. ఆయన రాసిన చీటీలు ముప్పై ఏళ్ల తర్వాత కూడా పాత కట్టల్లో దొరుకుతుండేవి, వాటిని పట్టుకుని ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోగలిగేవాళ్లం. అలాగే జమాబందీ. ఫసలీ (రెవెన్యూ ఏడాది) ముగిశాక ఊరి లెక్కలన్నీ తీసుకువచ్చి పైఅధికారి ముందు పెట్టాలి. శిస్తు లెక్క కోసం పెట్టిన ఆనవాయితీ అయినా, ఏడాదికొకసారి ప్రతి పుస్తకమూ ఒకరి కంటబడటమే దానివల్ల పెద్ద లాభం. ఈ రెండూ చాలాచోట్ల పేరుకే మిగిలాయి. చీటీ పోయింది. దాని బదులు వచ్చిన ఈ-ఆఫీస్ కొత్త ఫైళ్ల కదలికను చక్కగా చూపిస్తుంది, అది నిజంగా మేలు. పాత కట్టలోంచి తీసిన కాగితం మాత్రం దాని కంటికి కనబడదు.

ఇప్పుడు రికార్డు రూముకు ఎవరిని వేస్తున్నారు? ఎక్కడా పనికిరాడనుకున్నవాణ్ని, పైవాళ్లకు కోపం వచ్చినవాణ్ని. చాలా ఆఫీసుల్లో ఆ పోస్టే ఖాళీ, తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది. దుమ్ములో పనిచేస్తే ఆయాసం వస్తుంది, మాస్కు ఇచ్చే దిక్కులేదు. పాత అడంగలు చదవడం, గొలుసుకట్టు రాత పోల్చుకోవడం, సెటిల్‌మెంటు రిజిస్టర్లలో ఆర్‌ఎస్‌ఆర్‌కు డైగ్లాట్‌కు తేడా తెలియడం ఏళ్ల మీద వచ్చే విద్య. అది తెలిసిన మనిషి రిటైరైన రోజున ఆయన తలలో ఉన్న సూచిక కూడా ఇంటికి వెళ్లిపోతుంది. ఆయన వెళ్లేముందు ఒక కుర్రవాణ్ని ఆరు నెలలు పక్కన కూర్చోబెడితే చాలు. ఇది కూడా అప్పగింతే, కాకపోతే కాగితం మీద కనబడనిది.

డిజిటలీకరణ గురించి మీకు ఎన్నో నివేదికలు వచ్చి ఉంటాయి. దాన్ని మనసారా కోరుకునేవారిలో నేనూ ఒకణ్ని. రిజిస్ట్రేషన్ శాఖ 1990ల చివర్లోనే కంప్యూటర్లు పెట్టబట్టి ఇవాళ ఈసీ ఇంట్లో కూర్చుని తీసుకుంటున్నాం. కానీ కాగితం నుంచి కంప్యూటరుకు మారడం కూడా ఒక అప్పగింత అని మరిచిపోతున్నాం. పాత అడంగల్లో అసలు సంగతి కుడివైపు చివరన రిమార్కుల గడిలో ఉంటుంది. ఎవరి అనుభవంలో ఉంది, ఏ ఉత్తర్వుతో పేరు మారింది అని ఇరుకుగా, ఒక్కోసారి పెన్సిలుతో రాసి ఉంటుంది. మార్పులు ఎర్రసిరాతో రాసి, పక్కన అధికారి పొట్టి సంతకం పెట్టేవారు. పేజీకింతని రేటు కట్టి ఏజెన్సీకి ఇచ్చినప్పుడు వాళ్లు నలుపు తెలుపుల్లో గబగబా తీస్తారు. ఎర్రసిరా నల్లగా పడుతుంది, మొదటి రాతకు, దిద్దిన రాతకు తేడా చెరిగిపోతుంది. కట్టు గట్టిగా ఉన్న పుస్తకంలో లోపలి అంచు, వెలుపల రిమార్కుల గడి తెగిపోతాయి. ఆ బొమ్మకు ఊరు, ఫసలీ, సర్వే నంబరు కాకుండా వరుస అంకె ఒకటే పేరుగా పెడితే దాన్ని వెతకడం కట్టలో వెతకడం కంటే కష్టం. అప్పుడు ఎవరో, "స్కాన్ అయిపోయింది కదా, ఈ చెత్తంతా ఎందుకు" అంటారు. ఆ మాట అన్న మరుక్షణం ఆ గదికి తాళం వేయించండి. 30 ఏళ్లు దాటిన పత్రం సక్రమమైన కస్టడీ నుంచి వస్తే దాన్ని నిజమైనదిగా భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతోంది. ఆ మన్నన అసలు కాగితానికి, దాన్ని ఎడతెగకుండా దాచిన ఆఫీసుకు దక్కేది. మూల కాగితం పక్కన లేని స్కాను కాపీకి కోర్టులో అంత బలం రాదు.

పురపాలక సంఘాల జనన మరణ రిజిస్టర్ల కథ కూడా ఇంతకన్నా మెరుగ్గా లేదు. అమెరికాలో గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసిన మనవాళ్లు ఎంతమంది తల్లిదండ్రులను మున్సిపాలిటీల చుట్టూ తిప్పుతున్నారో మీకు తెలుసు. పుట్టిన నమోదు దొరకక చివరికి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుంటారు. కొందరి విషయంలో ఆ రోజు నమోదే జరగలేదు. కొందరి విషయంలో నమోదు జరిగింది, రిజిస్టరే పోయింది. రెండింటికీ మనం ఇచ్చే కాగితం ఒకటే, కాబట్టి ఎన్ని రిజిస్టర్లు పోయాయో ఆ కాగితాల ద్వారా ఎప్పటికీ తేలదు.

ఇక చట్టం సంగతి. కేంద్రానికి 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. రికార్డులు తయారుచేసే ప్రతి సంస్థా ఒక రికార్డు అధికారిని నియమించాలి. నిర్ణీత పద్ధతి పాటించకుండా రికార్డు ధ్వంసం చేస్తే ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1892కు ముందు పత్రాలను, శిథిలమై పనికిరావని జాతీయ అభిలేఖాగారం తేల్చితే తప్ప ధ్వంసం చేయకూడదు. ఆ చట్టం కేంద్ర కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు. మన తహశీల్దారు ఆఫీసుకు అది వర్తించదు. మహారాష్ట్ర 2005లో, కర్ణాటక 2010లో సొంత చట్టాలు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మండలాఫీసు నుంచి సచివాలయం దాకా అంత పదునున్న చట్టం కావాలి. సమాచార హక్కు చట్టం 4(1)(ఎ) సెక్షను ప్రతి ప్రభుత్వ సంస్థా రికార్డులకు జాబితా, సూచిక కట్టాలని 2005 నుంచి చెబుతూనే ఉంది. ఫైలు దొరకకపోవడం ఆ చట్టంలో మినహాయింపు కాదు. ఒకప్పుడు ఆఫీసులో ఉన్న సమాచారాన్ని దొరకలేదన్న ఒక్క మాటతో నిరాకరించరాదని, గట్టిగా వెతికించి, పోయిందని తేలితే బాధ్యులను నిర్ణయించాలని ఢిల్లీ హైకోర్టు 2013లో విశ్వాస్ భాంబుర్కర్ కేసులో చెప్పింది. మన దగ్గర ఆ బాధ్యుణ్ని పట్టుకోలేకపోవడానికి కారణం అప్పగింత జాబితాలు లేకపోవడమే.

చట్టం ఒక్కటే చాలుతుందని కూడా అనను. చట్టం ఉన్న కేంద్రంలోనే 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు, హరిత విప్లవం రికార్డులు తమకు చేరలేదని జాతీయ అభిలేఖాగారం అధిపతి 2022 డిసెంబరులో బహిరంగంగా చెప్పారు. మంత్రిత్వ శాఖలు పంపలేదు, అంతే. అక్కడా తెగింది అప్పగింతే.

మన రాష్ట్రానికి ఇందులో అదనపు బాధ ఒకటుంది. కోస్తా, సీమ జిల్లాల శిస్తు చరిత్ర చదవాలంటే మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ పత్రాల కోసం ఎగ్మోర్ వెళ్లాలి. ఉమ్మడి రాష్ట్రపు సంగతులకు హైదరాబాదు తార్నాకకు వెళ్లాలి. 1953లో ఒకసారి, 2014లో ఒకసారి మనం రాజధాని వదిలి వచ్చాం. రెండుసార్లూ కాగితం వెనకబడింది. రెండు శతాబ్దాల కిందట మెకంజీ దొర దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్లు తిరిగి కరణాల దగ్గరున్న లెక్కలు, వృత్తాంతాలు సేకరించబట్టి మన గ్రామ కైఫియత్తులు మిగిలాయి. వాటికి మూలమైన తాటాకు కవిలెలు ఊళ్లలో చాలావరకు లేవు. ఇప్పటి మండలాఫీసుల్లో ఉన్న 1920ల, 1930ల సెటిల్‌మెంటు రిజిస్టర్లకూ రేపు అదే గతి పట్టకూడదు. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక రికార్డు భవనం కట్టి, 30 ఏళ్లు దాటిన శాశ్వత రికార్డును అక్కడికి చేర్చితే మండలాఫీసులకు చోటు మిగులుతుంది, చరిత్ర చదివేవారికి తలుపు తెరుచుకుంటుంది. ఆ భవనానికి హంగులు అక్కర్లేదు. పైకప్పు కారకూడదు, రాక్‌లు గోడకు, నేలకు ఆనకూడదు, వైరింగు కొత్తదై ఉండాలి, తేమ కొలిచే పరికరం ఉండాలి. మన కోస్తాలో వానాకాలం గాలిలో తేమ ఎనభై శాతం దాటుతుంది, కాగితానికి యాభై అటూ ఇటూగా ఉంటేనే మంచిది. తుప్పుపట్టే స్టేపుల్ పిన్నులు తీసి నూలు ట్యాగులు కట్టాలి. చిరిగినచోట సెలోటేపు వేయకుండా ఉద్యోగులకు చెప్పాలి, ఆ జిగురు పదేళ్లలో కాగితాన్నే తినేస్తుంది. ఇది తెలిసినవాళ్లు జాతీయ అభిలేఖాగారంలో ఉన్నారు, అడిగితే నేర్పుతారు.

చట్టానికి, భవనాలకు సమయం పడుతుందని నాకు తెలుసు. ఈలోపు మీ చేతిలోనే ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఇక ముందు జిల్లా, డివిజను, మండలం ఏది మార్చినా, రెండు ఆఫీసులూ సంతకం చేసిన రికార్డుల జాబితా కలెక్టరు దగ్గరికి చేరేదాకా ఒక్క కట్ట కూడా లారీ ఎక్కకూడదని ఉత్తర్వు ఇవ్వండి. 2022లో విడిపోయిన జిల్లాల్లో ఏది ఎక్కడుందో ఇప్పుడైనా రాయించండి. ఆ తరలింపు చూసినవాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. పదేళ్లు పోతే ఉండరు. ప్రతి ఆఫీసు తన దగ్గరున్న శాశ్వత రికార్డుల జాబితాను నోటీసు బోర్డు మీద, వెబ్‌సైటులో పెట్టాలి. ఫలానా ఊరి ఆర్‌ఎస్‌ఆర్ ఫలానా ఆఫీసులో ఉందని నలుగురికీ తెలిస్తే, అది మాయమైన రోజున ఊరే అడుగుతుంది. స్కానింగు కాంట్రాక్టుల్లో రంగుల్లో తీయాలని, పేజీ అంచులు నాలుగూ కనబడాలని, ఊరి పేరు, ఫసలీ లేని బొమ్మకు బిల్లు చెల్లించరాదని రాయించండి.

అన్నిటికంటే ముందు బదిలీలు. సాధారణ బదిలీలకు ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు వాటిలో ఈ షరతు చేర్చండి: ఉద్యోగి తన సీటులో ఉన్న ప్రతి ఫైలును, రికార్డు రూము నుంచి తెచ్చుకున్న ప్రతి కట్టను నంబర్లతో జాబితా రాసి అప్పగించాలి, తీసుకునేవారు ఒక్కొక్కటీ చూసి సంతకం చేయాలి, ఆ జాబితా జతపడనిదే ఎల్‌పీసీ (చివరి జీతపు ధ్రువపత్రం) ఇవ్వరాదు. జీతంతో ముడిపడ్డ కాగితాన్ని ఏ ఉద్యోగీ అశ్రద్ధ చేయడు, ఆ సంగతి సర్వీసంతా చూశాను. జాబితా ప్రతి ఒకటి రికార్డు రూములో, ఒకటి పైఆఫీసులో ఉండాలి. చూసుకోవడానికి కొత్తవారికి వారం రోజుల గడువు ఇవ్వండి, ఆ వారాన్ని డ్యూటీగానే లెక్కించండి. మొదటి ఏడాది గొణుగుతారు. ఆ ఏడాదే ఎన్నో ఆఫీసుల్లో బీరువాల వెనక నుంచి, బల్లల కింద నుంచి, పోయాయనుకున్న ఫైళ్లు బయటపడతాయి.

ఇట్లు,
రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక డిప్యూటీ తహశీల్దారు